పెట్టెలో పట్టని జడ

పోయిన వారం ఏజెంటు బాలసుబ్రమణ్యం చేతిలోంచి జారిన కాఫీ లోటా ఇంకా దొర్లుతూనే ఉంది. వారం పాటు ఎట్లా దొర్లిందయ్యా అని అడగకండి. అలిపిరి దిగువన ఇళ్లన్నీ కొండవాలులో కట్టినవి. అక్కడ కిందపడిన వస్తువు తనకు తీరిక దొరికినప్పుడే ఆగుతుంది. ఈ లోటా పోయి పోయి, నడింట్లో నోరు తెరుచుకుని పడి ఉన్న ప్రయాణపు పెట్టెకు తగిలి ఆగింది. కాఫీ మాత్రం ఆగకుండా తిరుమలమ్మ కాళ్ల దాకా పారింది.

లోటా ఎందుకు జారిందో మరిచిపోయినవాళ్లకు, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు కాస్త వెనక సంగతి చెబుతాను. జట్కా తోలే ఆదిమూలానికి గుర్రం చచ్చిపోయి ఏడాది దాటింది. బతికున్నా దానికి పెద్దగా పని ఉండేది కాదు. కొండకు పోయేవాళ్లంతా రైలు దిగీ దిగగానే బస్సెక్కుతున్నారు. గుర్రం లేని జట్కా కాడి నేలకు ఆనించుకుని ఇంటిముందు నిలబడి ఉంది. ఆదిమూలం బస్టాండులో మూటలు మోసి నడుము పోగొట్టుకున్నాడు. అందుకని ఆయన భార్య నాగరత్నమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి ఒప్పుకుంది. రెండేళ్లు అక్కడే ఉండాలి. నాలుగేళ్ల కూతురు అలివేలును అత్త తిరుమలమ్మ దగ్గర వదిలి పోవాలి. అన్నీ కుదిరి పెట్టె సర్దుకుంటున్నప్పుడు అత్త ఒక బాంబు వేసింది. "నీకు పాస్‌పోర్టు వొస్తే నీ తలనీలాలు ఇప్పిస్తానని కొండమీది సామికి మొక్కుకున్యా. మొక్కు తీర్చకుండా సముద్రం దాటగూడదు" అని. నాగరత్నమ్మ ఎదురు చెప్పలేదు. మంగళవారం పొద్దున్నే మెట్లెక్కి, కల్యాణకట్టలో కూర్చుని, నడుం దిగే జుట్టును అక్కడే వదిలేసి వచ్చింది.

ఈరోజు ప్రయాణం. మధ్యాహ్నం మద్రాసు బస్సు, మద్రాసులో బొంబాయి రైలు, బొంబాయిలో విమానం. టిక్కెట్టు పట్టుకుని వచ్చిన ఏజెంటుకు కాఫీ ఇద్దామని వంగితే నాగరత్నమ్మ కొంగు జారింది, ఆ గుండు చూసి ఏజెంటు అందుకున్న లోటా జారింది. అదీ లోటా కథ.

"ఇదెవురి తలమ్మా?" అన్నాడు బాలసుబ్రమణ్యం.

మనుషుల్ని కువైట్ పనులకు పంపడంలో చిత్తూరులో ఆయనకు మంచి పేరే ఉంది. మనుషుల్ని మోసం చేయడు, తిడతాడు అంతే. సంచిలోంచి పాస్‌పోర్టు తీసి, ఫోటో ఉన్న పుట తెరిచి, నాగరత్నమ్మ చెవి పక్కన పెట్టి చూశాడు. ఫోటోలో నాగరత్నమ్మకు నడిమి పాపిట, చెవుల మీదికి దువ్విన జుట్టు. పక్కన ఉన్న నాగరత్నమ్మకు నున్నటి గుండు, దాని మీద పొద్దున పూసిన, ఆరీ ఆరని గంధం.

"ఈ పోటోలో ఉండే ఆమె యాడ?"

"ఆమే ఈమె సామీ" అన్నాడు ఆదిమూలం.

"నాకు తెలుసునప్పా! బొంబాయిలో కూర్చోనుండే ఆఫీసరుకు ఎట్లా తెలుస్తాది?"

"కొంగు కప్పుకుంటాదిలే."

"తియ్యమంటాడు. పోటోలో కొంగు లేదు గదా? తీసినాక ఎవురిదో పాస్‌పోర్టు ఎత్తుకొచ్చిందని పక్కన కూర్చోబెడతాడు. ఆయన పొరపాటున వదిలినాడే అనుకో, ఆడ ఇంటామె వదులుతాదా? తలలో ఏందో రోగమని మర్నాడే తిరుగు విమానం ఎక్కిస్తాది."

తిరుమలమ్మ కాళ్ల కింది కాఫీని గుడ్డతో తుడుస్తూ తలెత్తకుండా అడిగింది. "ఆ ఆఫీసరుకు తిరపతి అంటే తెలీదా?"

"తెలిస్తే మాత్రం? గుండు చేసుకున్నోళ్లంతా తిరపతి నుంచే వొచ్చినారని రాసి ఉండాదా అవ్వా?"

"జుట్టు పెరిగేదాకా ఆగితే?" అన్నాడు ఆదిమూలం.

"జుట్టు నీ కోసం ఆగుతాది. వీసా ఆగదు. ఈ విమానం తప్పితే ఆ ఇంటామె ఇంకొకర్ని పెట్టుకుంటాది. నాగరత్నమ్మా, అయితే ఈ పొద్దు, లేకుంటే లేదు. అంతే!"

నాగరత్నమ్మ కొంగు మళ్లీ తలమీదికి లాక్కుని పెట్టె ముందు కూర్చుంది. ఆ వారమంతా ఆ ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేదు. పెట్టె సర్దడం, మూత పడకపోతే విప్పడం, మళ్లీ సర్దడం. ఏది తీసినా అది లేకుండా రెండేళ్లు ఎట్లా అనిపిస్తుంది, ఏది పెట్టినా ఇది ఉండి ఏం లాభం అనిపిస్తుంది. పెట్టె పక్కన తెల్ల రంగుతో ఆమె పేరు, ఊరి పేరు రాయించారు. రాసినవాడు పేరు మరీ పెద్దగా రాయడంతో 'అలిపిరి' అనే మాట మూల తిరిగి రెండో వైపుకు పోయింది.

"అయితే నేను పోనట్టేనా?" అంది ఆమె. ఏడుపు లేదు, కోపం లేదు. సందు చివరి కొళాయిలో నీళ్లు రావా అని అడిగినట్టు అడిగింది.

అప్పటిదాకా గోడకు నడుం ఆనించుకుని ఉన్న ఆదిమూలం ఉన్నట్టుండి లేచాడు.

"ఓబయ్య కాడ టోపా ఉండాది" అన్నాడు.

టోపా అంటే నాటకాలవాళ్లు పెట్టుకునే కట్టుజుట్టు. వీధినాటకాల్లో ఆడవేషం కట్టే ఓబయ్య ఇల్లు రెండు సందులకు అవతల. ఆదిమూలం చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు.

ఆయన వచ్చేదాకా ఏజెంటుకు ఏం తోచలేదు. తోచనివాడు ఎదుటివాళ్ల పెట్టెలో చెయ్యి పెడతాడు.

"ఇదేంది?"

"రాగిపిండి."

"ఇది?"

"ఊరుబిండి పచ్చడి. ఇది చింతకాయ తొక్కు. ఆ డబ్బాలో మజ్జిగ మిరపకాయలు."

"నువ్వు పోయేది ఆడ వండేదానికి. తినేదానికి గాదు. ఇదేందమ్మా, కట్టె?"

"సంగటి తెడ్డు."

"విమానాన్ని తెడ్డేసి తోస్తావా? తియ్, తియ్. మీవోళ్లు ఇంతటితో ఆపినారు, నయం. రుబ్బుగుండు పెట్టలేదు!"

రుబ్బుగుండు అంటే గుర్తొచ్చింది. మా దేవరాజులు మామ వెనకటికి పినాంగుకు పోయేటప్పుడు పెళ్లాం రుబ్బే దోసెపిండి మీద బెంగతో రోలూ గుండూ రెండూ ఓడ ఎక్కించాడు. ఓడ ఒక పక్కకు ఒరిగింది. ఓడదొర వచ్చి మిగతా జనాన్నంతా అవతలి పక్క కూర్చోబెట్టి సరిచేశాడు. మర్నాడు మామకు దోసె మీద మనసై పిండి రుబ్బడం మొదలుపెట్టాడు. గుండు తిరిగిన వైపే ఓడా తిరిగింది. మామ కష్టజీవి, పిండి మెత్తబడేదాకా వదిలే రకం కాదు. చట్నీకి కొబ్బరి కోరే సమయానికి చూసుకుంటే ఓడ మళ్లీ మద్రాసు రేవులో ఉంది. నమ్మకం లేనివాళ్లు మామనే అడగవచ్చు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, అది వేరే సంగతి.

నాగరత్నమ్మ మాత్రం తెడ్డు బయట పెట్టింది. ఏజెంటు అటు తిరిగాక మళ్లీ లోపల పెట్టింది. తిరుమలమ్మ అది చూసి, తెడ్డు మీద ఒక చీర మడత కప్పింది. ఆ అత్తాకోడళ్లకు నోటితో మాట్లాడుకోవలసిన అవసరం ఎప్పుడూ తక్కువే.

వాకిట్లో జట్కా మీద అలివేలు కూర్చుని లేని గుర్రాన్ని అదిలిస్తోంది. "ఛల్! ఛల్!"

"రాత్రి గూడా రాలేదు నా కాడికి" అంది నాగరత్నమ్మ, చేతిలోని రవికను మడిచిందే మడుస్తూ. "గుండామె అంటాది నన్ను. గుండామె పోయినాక మాయమ్మ వొస్తాదంట. ఎవురో సెప్పినట్టు సెప్తాది."

తిరుమలమ్మ ఆ మాట విననట్టు డబ్బాల మూతలు బిగించింది.

ఇది పాత చదువరులకు తెలిసిన సంగతే. అలివేలు పుట్టిన దగ్గర్నుంచీ తల్లి జడ చేత్తో పట్టుకుంటే గానీ నిద్రపోదు. చేతికి చుట్టుకుని, కొనను బుగ్గకు రాసుకుంటూ పడుకుంటుంది. మంగళవారం నుంచి పట్టుకోవడానికి జడ లేదు. మొదటి రాత్రి తెల్లవార్లూ ఏడ్చింది. మరునాడు అవ్వ పక్కలో వెక్కుతూ పడుకుంది. నిన్న వెక్కిళ్లు లేవు. అవ్వ చెవి పట్టుకుని పడుకుంది.

ఓబయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. పగలు పూలు కట్టి అమ్ముతాడు, శనివారాలు పూలబుట్టతో కొండెక్కుతాడు. చంకలో తలగడ గలీబు ఉంది. దాన్ని పసిబిడ్డను దించినట్టు చాప మీద దించి, లోపలి నుంచి జుట్టు తీశాడు. ఇల్లంతా కర్పూరం వాసన కొట్టింది. నడిమి పాపిట, చెవుల మీదికి దువ్వి ఉంది, వెనక మోకాళ్ల దాకా జడ.

"కూర్చో తల్లీ. నేను పెడితేనే కుదురుతాది. మగోళ్లు ఎవురూ అటు సూడొద్దు."

"నువ్వు మగోనివి గాదా ఓబన్నా?" అన్నాడు ఆదిమూలం.

"ఇది సేతిలో ఉండేంతసేపూ గాదు."

ఆయన నాగరత్నమ్మ తలకు గుడ్డ చుట్టి, అంచులకు జిగురు పూసి, జుట్టు దించి, చెవుల దగ్గర సర్దాడు. పని చేస్తున్నంతసేపూ హెచ్చరికలే. "మెడ వంచొద్దు. తల ఊపి మాట్లాడొద్దు. ఎండలో నిలబడొద్దు. సెమట పడితే జిగురు వొదులుతాది. ఏదన్నా అడిగితే కళ్లతో జవాబు సెప్పు. నేను ముప్పై ఏండ్లు కళ్లతోనే సెప్పినా."

ఏజెంటు మళ్లీ పాస్‌పోర్టు పట్టుకొచ్చి చెవి పక్కన పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది.

"సరి! ఇప్పుడు ఈమే ఆమె. పోటోలో ముందు జుట్టే కనపడేది. అది సరిపోయింది."

"ఒకటి సెప్పు ఓబన్నా" అన్నాడు ఆదిమూలం. "అవతలికి పోయినాక దీన్ని తిరిగి పంపించేదానికి వీలు గాదంట. నీ ఆటకు ఎట్లా?"

ఓబయ్య గలీబును మడుస్తూ కూర్చున్నాడు. "ఆట యాడుందప్పా. ఊరూరా టెంటు సినిమా వొచ్చినాక ముసిలి ఆడదాన్ని ఎవురు సూస్తారు? పోనీలే. నేను నాయుడుపేట దాటి పోయింది లేదు, నా జుట్టన్నా విమానం ఎక్కనీ." గలీబు మడత ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒకటే మాట తల్లీ. ఆ జడకు కత్తెర తగలగూడదు. మా గురువు పోయేటప్పుడు నా సేత ఒట్టు పెట్టించుకున్యాడు. ఆయనకు ఆయన గురువు ఇచ్చిందంట. ఎప్పటికైనా నువ్వు తిరిగొచ్చేటప్పుడు, ఇట్లే, ఒక్క ఎంటిక తెగకుండా తెచ్చియ్యి."

"తెస్తా అన్నా" అంది నాగరత్నమ్మ. "ఏం జన్మ సంబంధమో మనది. మా ముడుపు నువ్వే తీసుకపోయి హుండీలో ఏసినావు. ఇప్పుడు జుట్టు గూడా నువ్వే ఇస్తివి."

"ఏం ముడుపు?" అన్నాడు ఓబయ్య.

మొక్కుకున్నప్పుడు పసుపు గుడ్డలో కాసు కట్టి దేవుడి గూట్లో పెట్టడం అందరూ చేసేదే. మొక్కు తీరిన రోజు ఆ ముడుపును హుండీలో వెయ్యాలి. మంగళవారం కొండెక్కబోతూ నాగరత్నమ్మ ముడుపు అడిగితే, అంతకుముందు శనివారమే ఓబయ్య చేత పంపించేశానని అత్త చెప్పింది.

"శనివారం మా అత్త నీ సేతికిచ్చింది గదన్నా."

"నేను పోయిన శనివారం కొండెక్కలేదే తల్లీ. మోకాళ్లు వాసి ఇంట్లోనే పడుంటిని. కావాలంటే..." అని ఓబయ్య తిరుమలమ్మ వైపు చూసి, మిగతా మాట మింగేశాడు. ఆడవేషం కట్టినవాడు కదా, ఏ సమయంలో నోరు మూసుకోవాలో తెలుసు. కాకపోతే ఒక మాట ఆలస్యమైంది.

తిరుమలమ్మ పెట్టెకు తాడు బిగిస్తోంది. చేతులు ఆగాయి.

"అమ్మా" అన్నాడు ఆదిమూలం. "ముడుపు యాడ?"

"లేదు."

"లేదంటే?"

"కట్టలేదు. మొక్కుకోలేదు. ఏ మొక్కూ లేదు."

ఇంట్లో ఉన్న నలుగురూ ఆమెను చూశారు. దేవుడి కొండ పేరే పెట్టుకున్న మనిషి, ఆ దేవుడి మీదే అబద్ధం చెప్పింది. దేవుడి సంగతి నాకు తెలియదు. ఆయన అడగని జుట్టు ఒకటి వచ్చిపడితే ఎవరిదో అని ఆ రోజంతా వెతుక్కుని ఉంటాడు.

నాగరత్నమ్మ మెల్లగా లేచి నిలబడింది. తల కదలకుండా, ఓబయ్య చెప్పినట్టే.

"నన్ను పోనీయగూడదనే గదా అత్తా? ఈ పోటో తంటా వొస్తాదని తెలిసే చేసినావు."

"పోటో సంగతి నాకేం తెలుసు? బతుకులో ఒక్క పోటోకు కూర్చోలేదు నేను." తిరుమలమ్మ తాడు కొన వదిలేసి కింద కూలబడింది. "నిన్ను ఆపాలంటే ఇంత ఎందుకు? ఆ పాస్‌పోర్టు ఇంటికొచ్చిన దినమే పొయ్యిలో పెట్టుంటే సరిపోయేది గదా. నువ్వు పోవాల్సిందే. వీడి నడుము ఇంక మూట ఎత్తదు. నాకు తెలీదా?"

"మరెందుకమ్మా ఈ పని?" అన్నాడు ఆదిమూలం.

ఆమె కొడుకు వైపు చూడలేదు. కోడలినే చూస్తూ అడిగింది.

"అలివేలుకు పాలు ఎట్లా మాన్పించినావు?"

నాగరత్నమ్మ కొంగు గుండెల మీదికి లాక్కుంది.

"సెప్పు. యాపాకు నూరి పూసుకోలేదా? పిల్ల నోరు పెట్టి, సేదు తగిలి, నీ మొకం సూసి ఏడ్సింది. నువ్వూ ఏడిస్తివి. రెండు దినాలు ఏడ్సి మానుకుంది. అయినా ఆ రెండు దినాలూ నువ్వు ఎదురుగా ఉండావు గదా. ఎత్తుకుంటివి, తిప్పితివి, సెందమామను సూపిస్తివి." తిరుమలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు ఇమానం ఎక్కినాక రాత్రిపూట ఆ పిల్ల సెయ్యి జడ కోసం తడుముతాది. నా తల మీద ఏముండాది? నాలుగు తెల్లెంటికలు. ఇది గాదు అని ఏడిస్తే నేను యాడ తెచ్చిచ్చేది? నువ్వు ఈడుండంగానే మానుకోవాలనుకున్యా. జడకు యాపాకు పూసినాననుకో."

"నాతో సెప్పుంటే?"

"సెప్తే సేసుంటావా? దేవుడి పేరు సెప్తే గానీ తల వొంచవు."

నాగరత్నమ్మకు తిట్టాలని ఉంది. తిట్టడానికి ఎంత ఊపిరి కావాలో అంత ఊపిరి లేదు.

"నా బిడ్డ నన్ను సూసి పారిపోతా ఉంటే, పోనీ, దేవుడికిచ్చినాను గదా అని ఓర్సుకున్యా" అంది చివరికి. "ఇప్పుడేమని ఓర్సుకోవాలత్తా?"

"గుండామె పోయినాక మీయమ్మ వొస్తాదని సెప్పింది నేనే" అంది తిరుమలమ్మ, నేల చూస్తూ.

నాగరత్నమ్మ వాకిలికి వీపు పెట్టి పెట్టె ముందు మళ్లీ కూర్చుంది. చేతులు వాటంతట అవే తాడు బిగించడం మొదలుపెట్టాయి. మోకాళ్ల దాకా దిగే జడ వీపు మీదుగా జారి చాప మీద పడింది.

ఇక్కడే ఎవరూ చూసుకోని సంగతి ఒకటి ఉంది. వాకిట్లో "ఛల్ ఛల్" ఆగిపోయి చాలాసేపైంది.

అలివేలు గడపలో నిలబడి ఉంది. దానికి కనిపిస్తున్నది తల్లి మొహం కాదు, వీపు. వీపు మీద జడ. మంగళవారం నుంచి కళ్లకింద పేరుకున్న నిద్ర అంతా దాని మొహంలోకి ఒక్కసారిగా వచ్చింది.

"మాయమ్మ వొచ్చింది!"

పిల్ల వచ్చి వీపు మీద పడింది. జడను రెండు చేతులతో పట్టుకుంది. నాగరత్నమ్మ మెడ బిగబట్టి, జుట్టు ఊడకుండా ఒక చేత్తో పాపిట నొక్కిపట్టి, రెండో చేత్తో బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. అలివేలు జడను మణికట్టుకు చుట్టుకుంది, కొనను బుగ్గకు రాసుకుంది. కర్పూరం వాసన కొత్తగా అనిపించిందేమో, ఒకసారి ముక్కు చిట్లించింది. "గుండామె పోయిందా?" అంది.

"పోయింది నాయనా" అంది నాగరత్నమ్మ.

అంతే. నాలుగు ఊపిర్లు తీసేలోపల పిల్ల నిద్రలోకి జారిపోయింది. అది మామూలు నిద్ర కాదు. వాన వెలిసాక మట్టి ఇంకినట్టు, ఒళ్లంతా ఒళ్లోకి ఇంకిపోయింది.

తిరుమలమ్మ నుదురు కొట్టుకుంది. "అయిపాయ. నా యాపాకంతా కడుక్కొనిపాయ."

సందు మొదట్లో రిక్షా గంట మోగింది. ఏజెంటు బయటికి పోయి, లోపలికి వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చాడు. "మద్రాసు బస్సు మన కోసం ఆగదమ్మా. లెయ్యి తల్లీ."

నాగరత్నమ్మ లేవబోయింది. అలివేలు పిడికిలి బిగిసింది. ఆదిమూలం వచ్చి కూతురి వేళ్లు ఒక్కొక్కటిగా విప్పబోయాడు. చిటికెనవేలు విప్పేసరికి చూపుడువేలు మూసుకుంటుంది. పిల్ల నిద్రలోనే సన్నగా మూలిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేపండప్పా" అన్నాడు ఏజెంటు.

"లేస్తే ఏడుస్తాది. ఏడ్సి పట్టుకుంటే టోపా ఊడొస్తాది" అంది తిరుమలమ్మ. "ఊడొస్తే పిల్ల ఏం సూస్తాదో ఆలోసించు."

అందరూ ఆలోచించారు. లాగితే తల్లి తల చేతిలోకి ఊడి రావడం, నాలుగేళ్ల పిల్ల దాన్ని చూడటం అందరి కళ్లకూ కట్టింది.

అప్పుడు ఏజెంటే నసుగుతూ అన్నాడు. "నేను ముందే చెప్పినా. పోటోలో జడ కనపడదు. ముందు జుట్టుంటే చాలు."

నాగరత్నమ్మ కళ్లెత్తి ఓబయ్యను చూసింది. నోటితో అడగలేదు. కళ్లతో అడగడం ఆయనే నేర్పాడు.

ఓబయ్య గలీబును మోకాళ్ల మీద పరిచాడు. మళ్లీ మడిచాడు. తర్వాత కూర్చున్న చోటే మెల్లగా తిరిగి గోడవైపు మొహం పెట్టుకున్నాడు.

"అత్తా" అంది నాగరత్నమ్మ. "కత్తెర."

తిరుమలమ్మ లేవలేదు. "పెట్టెలో ఉండాది" అంది. "ఆడ రవిక సినిగితే కుట్టుకుంటావని నేనే పెట్టినా. అడుగున."

ఆదిమూలం తాడు విప్పాడు. వారంగా విప్పీ కట్టీ తాడు కూడా అలిసిపోయి ఉంది, ముడులు తొందరగా వదిలాయి. చీరలు తీసి చాప మీద వేశాడు. రాగిపిండి మూట తీశాడు. సంగటి తెడ్డు బయటపడితే ఏజెంటు చూసి కూడా ఏమీ అనలేదు. తొక్కు డబ్బా, మిరపకాయల డబ్బా, దుప్పటి. రెండేళ్లకు సరిపోతుందనుకున్న కాపురమంతా మళ్లీ నేలమీదికి వచ్చింది. అన్నిటికన్నా అడుగున, పాత గుడ్డలో చుట్టి, కత్తెర దొరికింది.

తిరుమలమ్మ పిల్ల పిడికిలి కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది. ఏజెంటు గుమ్మంలో నిలబడిపోయాడు. గోడవైపు తిరిగిన ఓబయ్య వీపు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది.

జడను వెనక నుంచి ముందుకు తెచ్చుకోవడానికి నాగరత్నమ్మ మెడ వంచింది. ఓబయ్య వంచొద్దని చెప్పిన మెడ అది. ఉక్కకు, చెమటకు జిగురు వదిలింది. పాపిట చెవివైపు జారింది. తలలో సగం నల్లటి జుట్టు, సగం గంధం పూసిన గుండు.

ఆమెకు అది తెలియలేదు. ఆమె చూపంతా పిడికిలికి పైన, జడ సన్నబడే చోట ఉంది. అక్కడ కత్తెర నోరు తెరిచింది.

అలివేలు కళ్లు తెరిచింది. ఆ కళ్లు కత్తెరను చూడలేదు. తిన్నగా పైకి, తల్లి తలవైపు చూశాయి.